కొన్న బండికి కంపెనీ తాళం: కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు కోవూరు నుంచి బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చీఫ్ కమిషనర్ గారికి,

నెల్లూరు జిల్లా కోవూరులో చిన్న జిరాక్సు షాపు నడుపుకునే ఒక వినియోగదారుడు నమస్కరించి రాసుకునేది.

అయ్యా, నా స్కూటర్ వెనక్కి పోవడం లేదు. చెడిపోయి కాదు. పోనివ్వడం లేదు కాబట్టి పోవడం లేదు.

కరెంటు స్కూటర్ అది. వెనక్కి పోవడం దానికి బాగానే వచ్చు. కొన్న కొత్తలో మూడు నెలలు పోయింది కూడా. హ్యాండిల్ మీద బటన్ నొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, మెల్లగా వెనక్కి జరిగేది. నేను వారానికి రెండుసార్లు పెన్నా వంతెన దాటి నెల్లూరు వెళ్ళి ఏ4 పేపరు తెచ్చుకుంటాను. పెట్టెకు పది కట్టలు. రెండు పెట్టెలు వేసుకుంటే నలభై ఆరు కేజీల పైమాటే. మా షాపు ఉన్న సందులో బండి తిప్పుకునే చోటు లేదు, వెనక్కే రావాలి. అందుకే షోరూములో ఆ కుర్రాడు రివర్సు వేసి చూపించగానే, ఇంక వేరే బండి చూడకుండా డబ్బు కట్టేశాను. అన్నీ కలిపి లక్షా నలభై రెండు వేలు.

తొంభై ఒకటో రోజు పొద్దున బటన్ నొక్కితే తెర మీద తాళంకప్ప బొమ్మ వచ్చింది. దాని కింద, ఈ సదుపాయం కావాలంటే ప్యాక్ కొనండి అని ఉంది. రివర్సు, మ్యాపులు, పాటలు అన్నీ కలిపి కట్టిన ఆ ప్యాక్ ధర పద్నాలుగు వేలు.

షోరూముకు ఫోన్ చేశాను. "అది ట్రయల్ అన్నా, ప్యాక్ తీసుకోకుంటే ఆగిపోతాది" అన్నాడు కుర్రాడు. మరి ఆ రోజు చెప్పలేదేం నాయనా అంటే, "యాప్‌లో మీరే ఓకే కొట్టారన్నా" అన్నాడు. కొట్టాను. అబద్ధం చెప్పను. బండి డెలివరీ ఇచ్చే రోజు టెంకాయ కొట్టే హడావిడిలో, ఫోన్ నా చేతిలో పెట్టి ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి అంటే నొక్కుతూ పోయాను. తర్వాత ఇంట్లో కూర్చుని ఆ షరతులన్నీ చదివాను. ఇంగ్లీషులో ముప్ఫై పేజీల పైన ఉన్నాయి. ట్రయల్ సంగతి చివర్లో ఎక్కడో ఒకటిన్నర లైన్లో ఉంది.

ఆ పద్నాలుగు వేలకు వాళ్ళు ఏమిస్తున్నారో కూడా చెప్పాలి. కొత్త గేరు బిగించరు, కొత్త వైరు వేయరు. రివర్సుకు వేరే సామాను అవసరమే లేదు. మా పక్క పొలాల్లో బోరు మోటార్లు బిగించే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు, మూడు ఫేజుల్లో రెండు వైర్లు అటుది ఇటు మారిస్తే మోటారు ఎదురు తిరుగుతుందని. స్కూటర్‌లో ఆ పని వైర్లు మార్చకుండా కంట్రోలరే చేస్తుంది. ఆ కంట్రోలర్ నా బండిలోనే ఉంది, దానికి నేను డబ్బు కట్టాను, జీఎస్టీ కట్టాను, రోడ్డు మీద దాన్ని మోస్తున్నదీ నా బ్యాటరీనే. నా దగ్గర లేనిదల్లా కంపెనీ అనుమతి ఒక్కటే.

మా తాతది కందుకూరు వైపు పల్లె. ఒంగోలు గిత్తలంటే ఆయనకు ప్రాణం. సంతలో బేరం ఎలా జరిగేదో చిన్నప్పుడు చూశాను. తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదు. అంత గుట్టుగా సాగే బేరంలో కూడా ఒక మాట ఖాయం. పళ్ళు చూసి, నడిపించి చూసి, పగ్గం చేతికిచ్చాక ఆ గిత్త కొన్నవాడిది. కాడికి దాపట, అంటే ఎడమ వైపు కట్టుకుంటే ఈ రేటు, వలపట, అంటే కుడి వైపు కూడా కట్టుకోవాలంటే నెలనెలా నాకింత పంపు అన్న అమ్మకందారుణ్ణి మా తాత ఏం చేసేవాడో తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

జిరాక్సు పని చేసేవాళ్ళకు ఈ జబ్బు కొత్తది కాదు లెండి. టోనర్ డబ్బాకు చిన్న చిప్ ఉంటుంది. లోపల పొడి ఇంకా ఉండగానే ఆ చిప్ లెక్క చూసుకుని అయిపోయింది అంటుంది, మిషన్ ఆగిపోతుంది. మేము చిప్ మార్చి పొడి నింపుకుంటాం. పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాం. కానీ టోనర్ అయిపోయే వస్తువు. నా బండి వెనక్కి పోయే గుణం వాడితే అరిగేది కాదు కదా.

ఇక కింద పడిన సంగతి. మొన్న వానల్లో వంతెన దిగేచోట ఇసుక మీద జారి పడ్డాను. దెబ్బలేమీ తగల్లేదు గానీ ముందున్న తెర పగిలింది. కొత్త తెరకు, బిగింపుకు పదకొండు వేల ఎనిమిది వందలు అన్నారు. ఇన్సూరెన్సు క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందని సొంత డబ్బే కట్టాను. ఎందుకింత ధర అని అడిగితే మెకానిక్ ఓపిగ్గా చెప్పాడు, ఇందులో మ్యాపులు చూపించే చిప్ ఉంది, సిమ్ ఉంది, పాటలు పాడే ఏర్పాటు ఉంది, అందుకే అని. అవన్నీ నాకు తాళం వేసి ఉన్నవే! వాటి మరమ్మతు ఖర్చు మాత్రం నాది. కొత్త తెర బిగించి ఆన్ చేశాడు. అన్నిటికంటే ముందు తాళంకప్ప బొమ్మే వచ్చింది. విరిగితే మొత్తం బండి నాదే, నడిచేటప్పుడు మాత్రం సగమే నాది. ఈ లెక్క నాకు ఎవరైనా విడమరిచి చెబితే వింటాను.

ఇలాంటివి బయటి దేశాల్లో ముందే మొదలయ్యాయి. 2010లో ఇంటెల్ కంపెనీ ఒక ప్రాసెసర్‌లో కొంత శక్తిని ఆపి పెట్టి, 50 డాలర్ల కార్డు కొంటే విడుదల చేస్తామంది. మెర్సిడెస్ 2022లో అమెరికాలో, కారు ఇంకొంచెం చురుగ్గా ఉరకాలంటే ఏడాదికి 1,200 డాలర్లు అంది. అదే ఏడాది దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ సీట్లు వేడెక్కించే ఏర్పాటుకు నెల చందా పెట్టింది. వేడి పుట్టించే తీగలు సీట్లోనే ఉంటాయి, చందా కడితేనే వేడెక్కుతాయి. జనం గట్టిగా తిట్టారు, 2023లో కంపెనీ వెనక్కి తగ్గింది. మా నెల్లూరు వాళ్ళకు ఆ చందా బెడద లేదనుకోండి. రోహిణి కార్తెలో వీఆర్సీ సెంటర్లో మధ్యాహ్నం ఓ పది నిమిషాలు బండి ఆపితే సీటు ఉచితంగానే వేడెక్కుతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది టెస్లా సంగతి. ఆ కంపెనీ కొన్ని కార్లలో 75 యూనిట్ల బ్యాటరీ పెట్టి, 60 యూనిట్లే వాడుకునేలా తాళం వేసి అమ్మింది. మిగతాది కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. 2017 సెప్టెంబర్‌లో ఫ్లోరిడా మీదికి ఇర్మా తుఫాను వస్తుంటే జనం కార్లెక్కి ఊళ్ళు ఖాళీ చేశారు. అప్పుడు టెస్లా ఎక్కడో కూర్చుని ఆ కార్ల తాళాలు కొన్ని రోజుల పాటు తీసింది. చాలామంది మెచ్చుకున్నారు. మంచి పనే, కాదనను. కానీ తుఫాను ప్రాంతంలో బతికేవాడిగా నాకు ఇంకో ఆలోచన వచ్చింది. తుఫాను వచ్చేదాకా ఆ తాళం ఎందుకుంది? వాళ్ళు తీయకపోయి ఉంటే? 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మా కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రాత్రి నా బండి బ్యాటరీలో ఇంకో పాతిక కిలోమీటర్ల కరెంటు ఉండి, దాని తాళం ఇంకో రాష్ట్రంలో ఎవరి కంప్యూటర్లోనో ఉంటే, సెల్ టవర్లు పనిచేయని ఊళ్ళో నేను ఎవర్ని అడగాలి?

కంపెనీల మాట కూడా వినాలి. రెండు రకాల బండ్లు వేరువేరుగా చేయడం కంటే ఒకే రకం చేసి, కొన్నిటికి తాళం వేయడం చౌక అంటారు. అక్కర్లేనివాడు తక్కువ ధరకు కొంటాడు, కావలసినవాడు కడతాడు, ఇందులో ఎవరికి నష్టం అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. తాళం ఉందని ముందే చెప్పి, ధర నిజంగా తగ్గించి, ఏ బండికి ఏముందో ఏం లేదో షోరూము గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి అమ్మితే నేను ఇంత రాయను. మ్యాపులకు, సిమ్ డేటాకు, బండి ఎవరైనా కదిలిస్తే ఫోన్‌కు మెసేజ్ పంపడానికి వాళ్ళకు నెలనెలా ఖర్చవుతుంది. దానికి చందా అడిగితే అడగనివ్వండి, న్యాయమే. నా రివర్సుకు వాళ్ళకు నెలకు అయ్యే ఖర్చు ఎంత? సున్నా. ఆ రెండిటినీ ఒకే మూటలో కట్టి పద్నాలుగు వేలు అనడంలోనే కిటుకుంది. రివర్సు ఒక్కటే ఇమ్మంటే ఇవ్వరు.

ఇంకోటి. ఒకవేళ ఇవాళ నేను ఆ ప్యాక్ కొన్నాననుకోండి. రెండేళ్ళకు బండి అమ్మేస్తే ప్యాక్ కొత్త ఓనరుకు పోదట, అది నా పేరున ఉన్న ఖాతాకు కట్టుబడి ఉంటుందట. బండి లేని నా ఖాతాలో రివర్సు పెట్టుకుని నేనేం చేసుకోను?

ఇలాంటి వేరు బిల్లుల సంగతి మన ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఫేమ్-2 పథకంలో సబ్సిడీ రావాలంటే కరెంటు స్కూటర్ ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటకూడదన్న షరతు ఉండేది. ధర ఆ గీత దాటకుండా ఛార్జర్‌ను వేరే వస్తువుగా చూపించి వేరే బిల్లు వేసిన వ్యవహారం బయటపడి, కేంద్రం నిలదీస్తే, 2023లో ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో కంపెనీలు కొన్నవాళ్ళకు ఛార్జర్ డబ్బు వెనక్కి ఇస్తామని ప్రకటించాయి. ఛార్జర్ లేకుండా బండి నడవదు కదా, అది వేరే వస్తువు ఎలా అవుతుంది అన్న ప్రశ్న అప్పుడు అందరికీ అర్థమైంది. అక్కడ సర్కారు సబ్సిడీ సొమ్ము ఉంది కాబట్టి తొందరగా అర్థమైందేమో అని నాకో చిన్న అనుమానం. నా సొమ్ముకు కూడా ఆ చూపే కావాలి.

చట్టం ఏం చెబుతుందో కనుక్కుందామని మా షాపుకు కాగితాలు కాపీ తీయించుకోవడానికి వచ్చే ఒక వకీలు గారిని అడిగాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన వ్యాపార పద్ధతి అని ఒకటి ఉంది, అన్యాయమైన ఒప్పందం అని ఇంకొకటి ఉంది అన్నారు. మొదటిదానికి నెల్లూరులోనే జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా ఉండదు. కానీ నేను ఓకే కొట్టిన ఆ షరతులే అన్యాయమని వాదించాలంటే జిల్లా కమిషన్ వినదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. రివర్సు కోసం షాపు మూసుకుని విజయవాడ తిరిగేవాడెవడు? కంపెనీలకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. ఒక్కొక్కడి నష్టం చిన్నది, వేలమంది నష్టం కలిపితే పెద్దది. సరిగ్గా ఇలాంటి సందర్భానికే, జనమందరి తరఫున తానే విచారణ చేపట్టగలిగే సంస్థగా 2020లో మిమ్మల్ని పెట్టారని కూడా ఆయనే చెప్పారు. అందుకే ఈ లేఖ మీకు.

మీరు 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చారు. తెర మీద జనాన్ని మాయచేసే పద్ధతులు పదమూడు అందులో రాశారు. వద్దన్నా వదలని చందా ఉచ్చు ఉంది, ధరను దశలవారీగా బయటపెట్టడం ఉంది, సాఫ్ట్‌వేరుకు చెప్పకుండా బిల్లు వేయడం ఉంది. చదువుతుంటే ఒక్కొక్కటీ ఎక్కడో నాకు తగిలినదే అనిపించింది. కానీ అమ్మేసిన వస్తువు లోపలి భాగానికి తాళం వేసి మళ్ళీ అమ్మడం ఆ పదమూడింట్లో సూటిగా ఎక్కడా లేదు. దాన్ని పద్నాలుగోదిగా చేర్చమని నా మొదటి కోరిక.

తాళం వేసి అమ్మే వస్తువులన్నిటికీ బిల్లు మీదే, తెలుగులోనూ, ఈ భాగాలు ఇందులో ఉన్నాయి గానీ మీకు ఇవ్వలేదు అని రాయించండి. టీవీ, ప్రింటర్ లాంటి డబ్బాల మీద ఎమ్మార్పీ అచ్చువేస్తారు. అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర అని దాని అర్థం. డబ్బాలో ఉన్నదానికే తర్వాత ఇంకా వసూలు చేస్తే అది గరిష్ఠం ఎలా అవుతుంది? తూనికలు కొలతల విభాగం మీ వినియోగదారుల వ్యవహారాల శాఖ కిందే ఉంది కాబట్టి ఆ మాట వాళ్ళతో కూడా కదపండి. ట్రయల్ పెట్టేటప్పుడు, అది ఏ తేదీకి ఆగుతుందో అమ్మేవాడు నోటితో చెప్పి, కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఖర్చు లేని సదుపాయాన్ని ఖర్చున్న చందాతో కలిపి మూట కట్టడం ఆపించండి. ఒకసారి డబ్బు కట్టి తీయించుకున్న తాళం మళ్ళీ పడకూడదు, బండి చేతులు మారినా సరే.

2022 డిసెంబర్‌లో మీ శాఖే రిపేరు హక్కు అని ఒక పోర్టల్ పెట్టింది. అందులో వాహనాలూ ఉన్నాయి, వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. పాడైన వస్తువును బాగుచేసుకునే హక్కు గురించి అంత ఆలోచించినవాళ్ళు, పాడవని వస్తువును వాడుకునే హక్కు గురించి కూడా ఒక్క రోజు కూర్చుని ఆలోచించరా?

వ్యవసాయ పరికరాలు అన్నాను కాబట్టి మా బావమరిది సంగతి కూడా చెప్పాలి. విడవలూరు వైపు రెండు రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని వనామీ వేస్తున్నాడు. రొయ్యల పని చేసినవాడికి తెల్లవారుజాము అంటే టెన్షన్. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యుడు రాకముందే. ఆ గంటలో నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినా, మనిషి కునుకు తీసినా, తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. మూడు నెలల కష్టం గట్టు మీద కుప్ప పోసుకోవాల్సిందే. అందుకని అప్పు చేసి మరీ ఒక ఆక్సిజన్ మీటరు కొన్నాడు. దానికి రెండు సాకెట్లు ఉన్నాయి, నీళ్ళలో ముంచి కొలిచే ప్రోబ్ గుంటకొకటి పెట్టుకోవచ్చని మురిసిపోయాడు. రెండో ప్రోబ్ కూడా కొన్నాడు. పెడితే పలకలేదు. రెండో సాకెట్ పనిచేయాలంటే ఏడాదికి ఆరు వేలు కట్టాలట. అదే మీటరు, అదే సర్క్యూట్, అదే చేతికి తగిలే ఇత్తడి సాకెట్. గుంటల ఓనరు లీజు అడిగితే అర్థముంది, నేల ఆయనది. మీటరు ఎవరిది? ఫోన్‌కు అలారం పంపినందుకు వేరేగా ఇంత అంటే కడతానన్నాడు మావాడు, కడుతున్నాడు కూడా. సాకెట్ దగ్గరే పంతం పట్టాడు. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి, టార్చి పట్టుకుని, ఒకే ప్రోబ్‌ను ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో ముంచి చూసుకుంటున్నాడు. గట్టు మీద పాములుంటాయిరా, ఆ ఆరు వేలు నేను కడతాను అంటే వినడు. "డబ్బు కాదు బావా, నేను కొన్నది నాకే అద్దెకిస్తా ఉండారు" అంటాడు.

నా బండి బిల్లు, తెర మార్చిన బిల్లు, తాళంకప్ప బొమ్మ ఫోటో, ఆ ముప్ఫై పేజీల షరతులు ఈ లేఖ వెంట స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కాపీలు మా షాపులోనే తీశాను కాబట్టి ఖర్చు లేదు. విచారణకు రమ్మంటే వస్తాను. మా బావమరిది మాత్రం రొయ్యల పట్టుబడి అయ్యేదాకా గుంటలు వదిలి రాలేడు. నిరుడు దసరాకు వెళ్ళినప్పుడు చూశాను, ఆ పలకని సాకెట్లో కందిరీగ మట్టితో గూడు కట్టుకుంది. దాన్ని మాత్రం ఎవరూ చందా అడిగినట్టు లేదు.

ఇట్లు,
కోవూరు జిరాక్సు షాపు యజమాని
నెల్లూరు జిల్లా